ఆఫీసులో అంబేద్కర్

ప్రతి ఏటా ఏప్రిల్ 14న, డిసెంబరు 6న మన హాస్టళ్ళలో డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్ గారి చిత్రపటానికి దండ వేసుకుంటాం. నీలం కోటు, చంకలో రాజ్యాంగం, ముందుకు చాచిన చూపుడువేలు. ఆ విగ్రహం లేని వాడ మన జిల్లాల్లో అరుదు. ఆయన రాజ్యాంగ నిర్మాత అని, అణగారిన వర్గాల ఆశాజ్యోతి అని ఉపన్యాసాల్లో వింటూనే ఉన్నాం. కానీ ఆయన కూడా ఒకప్పుడు కొత్త ఉద్యోగి. ఆయనకూ ఒక బల్ల, ఒక కుర్చీ, పై అధికారులు, కింది సిబ్బంది ఉండేవారు. ఆఫీసులో ఆయన ఎలా పనిచేశారు, పదిమందితో ఎలా పని చేయించారు అన్నది మనం తక్కువగా చెప్పుకుంటాం.

ఇప్పుడు ఆ విషయం మనకెందుకు? డిగ్రీ, పీజీ అయ్యాక మనలో కొందరం బడికి, కొందరం బ్యాంకుకి, కొందరం ఆసుపత్రికి, కంపెనీకి ఉద్యోగానికి వెళ్తాం. ఇంటర్వ్యూలో లీడర్‌షిప్ స్కిల్స్ ఉన్నాయా అని అడుగుతారు. మనలో చాలామందిమి ఇంట్లో మొదటి డిగ్రీ చదివినవాళ్ళం. మన అమ్మానాన్నలు మేస్త్రీ మాట, ఆసామి మాట విని పనిచేశారే తప్ప, ఒకరికి పని పురమాయించిన అనుభవం వాళ్ళకు లేదు. కాబట్టి పదిమందిని కలుపుకుని పని నడిపించడం ఎలాగో మనకు ఇంట్లో నేర్పేవారు లేరు. ఈ విద్యను ఇంట్లో నేర్చుకోకుండానే సాధించిన ఒక మనిషి ఉద్యోగ జీవితాన్ని ఈ సంచికలో మీ ముందుంచుతున్నాం.

మొదటి ఆఫీసు - బరోడా

అంబేద్కర్ గారు 1891 ఏప్రిల్ 14న ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని మౌ పట్టణంలో పుట్టారు. తల్లిదండ్రులకు పద్నాలుగో సంతానం. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. తల్లి భీమాబాయి ఆయన చిన్నతనంలోనే కన్నుమూశారు. 1907లో మెట్రిక్ ప్యాసయ్యారు. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన నెలకు 25 రూపాయల స్కాలర్‌షిప్‌తో చదివి 1912లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీ నుంచి బి.ఎ. పట్టా పొందారు. 1913లో అదే మహారాజు సహాయంతో అమెరికా వెళ్ళి కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రం చదివారు. అక్కడి నుంచి లండన్ వెళ్ళారు. స్కాలర్‌షిప్ గడువు అయిపోవడంతో చదువు మధ్యలో ఆపి 1917లో తిరిగి వచ్చారు. చదువు పూర్తయ్యాక పదేళ్ళు బరోడా సంస్థానంలో పనిచేస్తానని ఒప్పందం రాసి ఉన్నారు గనుక అక్కడ ఉద్యోగంలో చేరారు. మహారాజుకు మిలిటరీ సెక్రటరీ పదవి.

పదవి పెద్దదే. చదువు ఆ ఆఫీసులో ఎవరికీ లేనంత. కానీ బంట్రోతులు ఫైళ్ళు చేతికి ఇచ్చేవారు కాదు. అంటుకుంటుందని దూరం నుంచే బల్ల మీదకు విసిరేవారు. ఆయన లేచి వెళ్ళేటప్పుడు నేల మీది తివాచీలు చుట్టేసేవారు. ఆఫీసులో తాగడానికి మంచినీళ్ళు దొరికేవి కావు. ఊళ్ళో ఉండటానికి ఇల్లు దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో తలదాచుకుంటే, ఆయన ఎవరో తెలిసిపోయి కొందరు కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. కొన్నాళ్ళకే ఆ ఉద్యోగం వదిలి బొంబాయి చేరారు.

పదవి ఒక్కటే నాయకత్వం అయితే అంబేద్కర్ గారికి ఆ రోజే నాయకత్వం దక్కి ఉండాలి. బంట్రోతు కంటే ఎన్నో మెట్లు పైన కూర్చున్నా, ఆ బంట్రోతు చేత ఒక కాగితం సరిగా అందుకోలేకపోయారు. అయితే ఇందులో ఆయన లోపం ఏమీ లేదని కూడా గుర్తుంచుకోవాలి. కొన్ని ఆఫీసుల్లో తప్పు మనలో ఉండదు, ఆ ఆఫీసులోనే ఉంటుంది. నేర్పు పెంచుకుంటే అన్నీ సర్దుకుంటాయని చెప్పే పుస్తకాలు ఈ మాట చెప్పవు.

తరగతి గది సంపాదించిన గౌరవం

1918 నవంబరులో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో రాజకీయ అర్థశాస్త్ర ప్రొఫెసరుగా చేరారు. అక్కడ కూడా తోటి ప్రొఫెసర్లలో కొందరు తమ కుండలో నీళ్ళు ఆయన తాగడానికి అభ్యంతరం చెప్పారు. విద్యార్థులు కూడా మొదట్లో ఈయనేం చెప్తాడులే అనుకున్నారు. అంబేద్కర్ గారు వాళ్ళతో వాదన పెట్టుకోలేదు. పాఠానికి బాగా తయారై వచ్చేవారు. కొద్ది కాలంలోనే వేరే కాలేజీల విద్యార్థులు కూడా అనుమతి తీసుకుని వచ్చి ఆయన పాఠాలు వినడం మొదలైంది.

ఆ జీతంలోంచి పొదుపు చేసి, కొల్హాపూర్ శాహూ మహారాజు సహాయంతో, ఒక మిత్రుడి దగ్గర అప్పు తీసుకుని 1920లో మళ్ళీ లండన్ వెళ్ళారు. సగంలో ఆపిన చదువును వదిలిపెట్టలేదు. 1921లో ఎం.ఎస్సీ., 1922లో బారిస్టరు, 1923లో డి.ఎస్సీ. సాధించారు. మనలో చాలామంది చదువు మధ్యలో ఆగిపోతే ఇక అంతే అనుకుంటాం. ఆయనకు మూడేళ్ళ విరామం వచ్చింది. ఆ మూడేళ్ళలో తిరుగు ప్రయాణానికి డబ్బు కూడబెట్టారు.

మనలాంటి హాస్టలు

తిరిగి వచ్చాక 1924లో బహిష్కృత హితకారిణి సభ స్థాపించారు. ఆ సభ చేపట్టిన తొలి పనుల్లో ఒకటి ఏమిటో తెలుసా? 1925లో షోలాపూర్‌లో పేద విద్యార్థుల కోసం ఒక హాస్టలు తెరవడం. విదేశాల్లో డాక్టరేటు చేసి వచ్చిన వ్యక్తి మొదట చూసుకున్నది పిల్లలకు ఉండటానికి చోటు, తినడానికి తిండి, చదువుకోవడానికి దీపం. మనం ఈ రోజు హాస్టల్లో కూర్చుని ఈ పేజీ చదువుతున్నామంటే అలాంటి ఆలోచనల ఫలితమే.

మిల్లు కార్మికుల మధ్య

1927లో మహద్ చెరువు పోరాటం, 1930 నుంచి రౌండ్ టేబుల్ సమావేశాలు మనకు పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. కార్మికుల కోసం ఆయన చేసిన పని అంతగా ప్రచారంలో లేదు.

1928లో బొంబాయి బట్టల మిల్లుల్లో పెద్ద సమ్మె జరిగింది. ఆ మిల్లుల్లో జీతం ఎక్కువ వచ్చేది నేత విభాగంలో. అందులో అంటరానివారికి ప్రవేశం లేదు. దారం తెగినప్పుడు నోటితో తడిపి ముడి వేయాలి, వీళ్ళు నోటితో తాకిన దారాన్ని మేం ముట్టుకోం అని తోటి కార్మికులే అడ్డుపడేవారు. కార్మికులందరూ ఒక్కటే అని చెప్పే సమ్మె నాయకుల ముందు అంబేద్కర్ గారు ఈ ప్రశ్న పెట్టారు. యజమాని చేసే అన్యాయం గురించి మాట్లాడేవాళ్ళు తమ పక్కవాడికి తాము చేసే అన్యాయం గురించి కూడా మాట్లాడాలి కదా అన్నది ఆయన వాదన సారాంశం. అదే ఏడాది బొంబాయి శాసనమండలిలో మిల్లుల్లో పనిచేసే ఆడవారికి ప్రసూతి సౌకర్యం కల్పించే బిల్లును బలపరిచారు.

1936లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టారు. 1938లో సమ్మె హక్కును కుదించే బిల్లు బొంబాయి శాసనసభకు వచ్చినప్పుడు, నవంబరు 7న ఒక రోజు సమ్మె చేయించారు. అందులో కమ్యూనిస్టులతో కలిసి నడిచారు. వాళ్ళతో ఆయనకు సిద్ధాంత విభేదాలు చాలా ఉన్నాయి. అయినా ఆ ఒక్క విషయంలో ఇద్దరి మాటా ఒకటే కాబట్టి కలిశారు. ఆఫీసులో మనకు నచ్చినవాళ్ళతోనే పనిచేస్తాం అంటే కుదరదు. ఏ విషయంలో కలవవచ్చో చూసుకుని అంతవరకు కలవాలి.

లేబర్ మెంబరు

1942 జూలైలో ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో లేబర్ మెంబరు అయ్యారు. ఇప్పటి మాటల్లో కేంద్ర కార్మిక మంత్రి అనుకోవచ్చు. ఒకప్పుడు ఫైళ్ళు విసిరించుకున్న మనిషి చేతికి దేశం మొత్తం కార్మికుల ఫైళ్ళు వచ్చాయి. అది రెండో ప్రపంచ యుద్ధ కాలం. బొగ్గు కావాలి, ఉక్కు కావాలి, ఉత్పత్తి ఆగకూడదు. ఇటు కార్మికుల కష్టాలు చూస్తే గుండె తరుక్కుపోతుంది. ఈ రెండింటి మధ్య నాలుగేళ్ళు పనిచేశారు. ఆ నాలుగేళ్ళలో ఆయన పని తీరును మూడు మాటల్లో చెప్పుకోవచ్చు.

మొదటిది, అందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టడం. చేరిన కొద్ది రోజులకే, 1942 ఆగస్టులో, ఢిల్లీలో త్రైపాక్షిక కార్మిక సమావేశానికి అధ్యక్షత వహించారు. ప్రభుత్వం, యజమానులు, కార్మికులు ముగ్గురూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటును శాశ్వతం చేశారు. దానికి తోడు స్థాయీ సంఘం కూడా ఏర్పడింది. గొడవ వచ్చాక పిలిచి మాట్లాడటం వేరు, గొడవ రాకముందే మాట్లాడుకోవడానికి ఒక చోటు ఏర్పాటు చేయడం వేరు.

రెండోది, స్వయంగా చూసి, లెక్కలు తెప్పించుకుని నిర్ణయించడం. 1943 డిసెంబరులో ధన్‌బాద్ ప్రాంతంలోని బొగ్గు గనులకు వెళ్ళారు. గని పైన ఆఫీసులో టీ తాగి వచ్చేయలేదు. లోపలికి దిగి కార్మికులు బొగ్గు తవ్వే చోటు చూశారు. వాళ్ళ ఇళ్ళు చూశారు. 1944లో బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి ఏర్పడింది. అదే ఏడాది కార్మికుల జీతాలు, ఇళ్ళు, పని పరిస్థితులను పరిశోధించడానికి రేగే కమిటీని ప్రభుత్వం నియమించింది.

మూడోది, విమర్శకు ఎదురు నిలబడి జవాబు చెప్పడం. 1943లో బొగ్గు కొరత వల్ల, ఆడవారు గని లోపల పనిచేయకూడదన్న నిషేధాన్ని ప్రభుత్వం ఎత్తివేసింది. దీనిపై కేంద్ర శాసనసభలో గట్టి విమర్శ వచ్చింది. ఆ శాఖ ఆయనది. తప్పించుకోకుండా సభలో లేచి జవాబు చెప్పారు. అది యుద్ధ కాలపు ఏర్పాటు. 1946లో నిషేధం మళ్ళీ అమలులోకి వచ్చింది. ఈ నిర్ణయాన్ని మనం ఈ రోజు మెచ్చుకోకపోవచ్చు. కానీ కుర్చీలో కూర్చున్నవారికి అన్నీ మంచి పేరు తెచ్చే నిర్ణయాలే ఉండవని తెలుసుకోవాలి.

పని గంటల గురించి ఒక మాట. అంబేద్కర్ గారు పని గంటలను రోజుకు 14 నుంచి 8కి తగ్గించారని చాలా చోట్ల రాస్తుంటారు, మన వక్తృత్వ పోటీల్లో కూడా చెప్తుంటాం. లెక్క అది కాదు. 1934 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటలు ఉండేవి. 1946లో ఆయన తెచ్చిన సవరణతో అవి 48 గంటలయ్యాయి. వారానికి ఆరు గంటలు అంటే చిన్న విషయం కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పినా ఆయన గొప్పతనం తగ్గదు. తప్పు లెక్క చెప్తే ఎదుటివాళ్ళు మన మిగతా మాటలు కూడా నమ్మరు. అంకెల విషయంలో ఎంతో జాగ్రత్తగా ఉండే మనిషిని మనం తప్పు అంకెలతో పొగడకూడదు.

దామోదర్ నది లోయ ప్రాజెక్టు చర్చలు కూడా ఆయన శాఖలోనే సాగాయి. 1945 జనవరిలో కలకత్తాలో బెంగాల్, బీహార్ ప్రభుత్వాల ప్రతినిధులతో జరిగిన సమావేశానికి ఆయనే అధ్యక్షులు. ఆయన ఇంజనీరు కాదు. ఇంజనీర్ల మాట విని, దాన్ని ప్రభుత్వాలు ఒప్పుకునే పథకంగా మార్చడం ఆయన పని. అన్నీ మనకే తెలిసి ఉండాలన్న నియమం లేదు. తెలిసినవాళ్ళను గుర్తించి, వాళ్ళ మాటకు విలువ ఇస్తే చాలు.

మరో విషయం మనందరికీ దగ్గరిది. మనం ఏటా ఆదాయ, కుల ధృవీకరణ పత్రాలు జతచేసి నింపే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ దరఖాస్తుకు మూలం 1944లో షెడ్యూల్డు కులాల విద్యార్థులకు మొదలైన పథకం. ఆయన మండలిలో ఉండగా, ఆయన పట్టుదల వల్ల వచ్చింది. తాను స్కాలర్‌షిప్‌తో ఎక్కిన మెట్టును తన వెనుకవాళ్ళకు కూడా వేసి పోయారు.

రాజ్యాంగం రాసిన కమిటీ

1947 ఆగస్టు 29న రాజ్యాంగ ముసాయిదా కమిటీ ఏర్పడింది. మరుసటి రోజు ఆయనను అధ్యక్షునిగా ఎన్నుకున్నారు. మొత్తం ఏడుగురు సభ్యులు. వారిలో మన నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారు ఒకరు. అందరూ ఉద్దండులే. కానీ పని మొదలయ్యాక ఏమైంది? ఒకరు రాజీనామా చేశారు. ఒకరు చనిపోయారు. ఒకరు అమెరికాలో ఉన్నారు. ఒకరు వేరే రాచకార్యాల్లో మునిగిపోయారు. ఒకరిద్దరు ఢిల్లీకి దూరంగా ఉండి, ఆరోగ్యం బాగాలేక రాలేకపోయారు. చివరికి బరువంతా అంబేద్కర్ గారి భుజాల మీదే పడిందని 1948 నవంబరులో ఆ కమిటీలోని మరో సభ్యుడు టి.టి.కృష్ణమాచారి గారు సభలోనే చెప్పారు. అప్పటికే అంబేద్కర్ గారిని మధుమేహం పీడిస్తోంది. దానికి తోడు న్యాయశాఖ మంత్రి బాధ్యత.

ఈ పరిస్థితి మనకు కొత్తది కాదు. కాలేజీలో గ్రూపు ప్రాజెక్టు ఇస్తే ఆరుగురి పేర్లు ఉంటాయి, ఇద్దరు పనిచేస్తారు. అప్పుడు మనం ఏం చేస్తాం? మిగతావాళ్ళ మీద ఫిర్యాదు చేస్తాం, లేదా మనమూ మానేస్తాం. ఆయన పని మానలేదు. కమిటీ 141 రోజులు కూర్చుంది. 1948 ఫిబ్రవరిలో 315 అధికరణాలతో ముసాయిదా అందించింది. దాని మీద సభలో 7,635 సవరణలు వచ్చాయి. అందులో 2,473 సవరణలు చర్చకు వచ్చాయి. వాటికి సభలో జవాబు చెప్పే భారం ఎక్కువగా ఆయనదే. సవరణ బాగుంటే ఒప్పుకునేవారు. లేకపోతే ఎందుకు ఒప్పుకోవడం లేదో కారణం చెప్పేవారు. చివరికి 395 అధికరణాలతో 1949 నవంబరు 26న రాజ్యాంగం ఆమోదం పొందింది.

దానికి ముందు రోజు, నవంబరు 25న ఆయన చేసిన ప్రసంగం ప్రజాస్వామ్యానికి పొంచి ఉన్న ప్రమాదాల గురించి చేసిన హెచ్చరికలతో ప్రసిద్ధి చెందింది. ఆఫీసుకు వెళ్ళబోయేవాళ్ళు దాని మొదటి భాగం కూడా చదవాలి. తనకు వస్తున్న పొగడ్తలన్నీ తనవి కావని చెప్పారు. మొదటి ముసాయిదా తయారుచేసిన సలహాదారు బి.ఎన్.రావు గారికి వాటా ఇచ్చారు. కమిటీ సభ్యులకు ఇచ్చారు. క్లిష్టమైన విషయాన్ని తేలిక మాటల్లో చట్టంగా రాయగల ఎస్.ఎన్.ముఖర్జీ గారికి ఎక్కువ వాటా ఇచ్చారు. అర్ధరాత్రి దాటేదాకా పనిచేసిన సిబ్బందిని మరిచిపోలేదు. ఆ తర్వాత, సభలో అడుగడుగునా తనకు అడ్డు తగిలిన సభ్యుల పేర్లు కూడా చెప్పి, వాళ్ళ ప్రశ్నల వల్లే రాజ్యాంగ సూత్రాలను వివరించే అవకాశం వచ్చిందని కృతజ్ఞత తెలిపారు. బరోడాలో తనకు కనీస మర్యాద దక్కలేదు. ఆ చేదును తన కింద పనిచేసినవారి మీద తీర్చుకోలేదు.

లోటు, నిలకడ

అంబేద్కర్ గారు దేవుడు కాదు. ఆయనకు కోపం ఎక్కువని, పనిలో అలసత్వాన్ని సహించేవారు కాదని జీవితచరిత్రకారులు రాశారు. ఆయన తలపెట్టిన రిపబ్లికన్ పార్టీ ఆయన పోయాక 1957లో ఏర్పడింది, కానీ తర్వాత ముక్కలైంది. ఆయనంతటి మనిషి పక్కన రెండో వరుస నాయకులు ఎదగడం కష్టమైంది. దీన్నుంచి కూడా నేర్చుకోవాలి. మనం లేని రోజున పని ఆగిపోతే, మనం ఉన్న రోజుల్లో ఎవరికీ నేర్పలేదని అర్థం.

మరోవైపు ఆయన 1945లో స్థాపించిన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ, 1946లో బొంబాయిలో మొదలుపెట్టిన సిద్ధార్థ కాలేజీ, 1950లో అప్పటి హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న ఔరంగాబాదులో మొదలుపెట్టిన కాలేజీ నిలిచాయి. తరాల తరబడి పిల్లలు అక్కడ చదివి బయటకు వచ్చారు. 1953లో మన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చి తనను తాను గౌరవించుకుంది.

1951లో హిందూ కోడ్ బిల్లు ముందుకు సాగకపోవడం మొదలైన కారణాలతో మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆడవారికి ఆస్తిలో, పెళ్ళి విషయంలో హక్కులు ఇచ్చే ఆ బిల్లు కోసం నాలుగేళ్ళు శ్రమించారు. కుర్చీ కోసం పని చేయలేదు, పని కోసం కుర్చీలో కూర్చున్నారు. ఆ పని సాగనప్పుడు లేచి వచ్చేశారు. 1956 డిసెంబరు 6న ఢిల్లీలో కన్నుమూశారు. ముందు రోజు రాత్రి కూడా తన పుస్తకం ముందుమాట కాగితాలు చూసుకుంటూనే ఉన్నారు.

మనం చేయదగినవి

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఉద్యోగం వచ్చాక నాయకులం అవుదాం అనుకోకండి. మెస్ కమిటీలో ఉన్నప్పుడే మొదలుపెట్టవచ్చు. సరుకుల లెక్క స్వయంగా చూడండి, అది గని లోపలికి దిగి చూడటం లాంటిదే. వార్డెన్ గారిని, వంటవాళ్ళను, విద్యార్థులను నెలకొకసారి కూర్చోబెట్టి మాట్లాడించండి. మాట్లాడే ముందు తయారవండి, అంకె చెప్తే సరైన అంకె చెప్పండి. పని బాగా జరిగితే ముందు వంటమనిషి పేరు చెప్పండి. మిమ్మల్ని ప్రశ్నించినవాడిని శత్రువు అనుకోకండి. మీ తర్వాత ఏడాది ఆ పని చేయబోయే జూనియర్‌కు ఇప్పుడే నేర్పండి.

రేపు మనలో ఎవరో ఒకరు ఒక ఆఫీసులో పెద్ద కుర్చీలో కూర్చుంటారు. అప్పుడు ఆ గదిలోకి ఒక అటెండరు ఫైలు పట్టుకుని వస్తాడు. ఆ ఫైలును రెండు చేతులతో అందుకుని, అతని పేరు అడిగి, కూర్చోమని చెప్పగలిగితే, అంబేద్కర్ గారి పటానికి వేసే దండ కంటే అదే పెద్ద నివాళి.